మా ఇల్లు ప్లానులో లేదు

నేనుండే ఇల్లు కాగితం మీద లేదు. దిల్‌సుఖ్‌నగర్ వెనకాల ఒక కాలనీలో 220 గజాల జాగా, అందులో ఒక అపార్ట్‌మెంటు, దాని నెత్తి మీద పెంట్‌హౌస్. పేరు గొప్పగానే ఉంటుంది గానీ లోపల రెండు గదులు, ఒక వంటిల్లు, మే నెలలో రాత్రి పదైనా చల్లారని గోడలు. అప్రూవ్డ్ ప్లాను తీసి చూస్తే నా మంచం ఉన్నచోట 'ఓపెన్ టెర్రస్' అని రాసి ఉంటుంది. నా కింద ఉన్న రెండు అంతస్తులు కూడా ప్లానులో లేవు. ప్లానులో ఉన్నది గ్రౌండ్ ప్లస్ టూ. గ్రౌండ్ ఫ్లోర్‌లో 'మాస్టర్ బెడ్‌రూమ్' అని గీసిన చోట ఇప్పుడు మా యాక్టివా, రెండో అంతస్తు వాళ్ల బుల్లెట్టు, ఏడాదిగా ఎవరూ కదపని ఒక పాత మారుతి ఉన్నాయి. ఆస్తిపన్ను రసీదులో మాత్రం మా అంతస్తుకు చోటు దొరికింది. అనుమతి లేదు కాబట్టి పన్నుకు తోడు పెనాల్టీ కూడా వేసి మరీ రాశారు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పుకోవాలి. నేను పని చేసేది ఒక బ్యాంకులో, హౌసింగ్ లోన్ల సెక్షన్‌లో. పొద్దున పదింటి నుంచి సాయంత్రం దాకా జనం తెచ్చిన ప్లాన్లు విప్పి, కట్టిన ఇంటికీ గీసిన ఇంటికీ పొంతన ఉందా లేదా చూసి, లేకపోతే ఫైలు వెనక్కి పంపడం నా డ్యూటీ. సాయంత్రం ఇంటికొచ్చి, నేనే వెనక్కి పంపేలాంటి ఇంట్లో పడుకుంటాను. ఈ వ్యాసం ఆ ఇబ్బందిలోంచి పుట్టింది. అందుకని నన్ను తటస్థుణ్ని అనుకోకండి.

మా బాపు ఈ జాగా కొన్నది ఎనభైల్లో. గవర్నమెంట్ బడిలో టీచరు, చిట్టీ ఎత్తి కొన్నాడు. రెండు గదులు, ముందు వరండా, షాబాద్ బండల నేల, పెరట్లో జామచెట్టు. ఐదుగురం ఉండేవాళ్లం. 2013లో డెవలప్‌మెంట్‌కి ఇచ్చాం, సగం సగం లెక్కన. ఆ రోజు బిల్డరు మా వరండాలో కూర్చుని చాయ్ తాగుతూ అన్న మాట నాకింకా గుర్తే.

"సార్, పర్మిషన్ గ్రౌండ్ ప్లస్ టూకే వస్తది. దాంతోని మీకు గిట్టది, మాకు గిట్టది. కింద పార్కింగ్ ఇడిసి మీద నాలుగేద్దాం. పెంట్‌హౌస్ గూడ మీకే ఇస్త."

"మరి రేపు ఎవరన్న వచ్చి కూలగొడ్తే?" అన్నాడు బాపు.

"గీ గల్లీల ఎవరిది కూలగొట్టిండ్రో చెప్పుండ్రి సార్."

బాపు కిటికీలోంచి బయటికి చూశాడు. ఎదురుగా నాలుగంతస్తులు. పక్కన నాలుగంతస్తులు, పైన రేకుల గది. ఏమీ అనలేదు. నెల తిరిగేసరికి జామచెట్టు కొట్టేశారు.

ఐదుగురున్న చోట ఇప్పుడు తొమ్మిది కుటుంబాలు, ముప్పై మంది దాకా జనం. నేను చెప్పదల్చుకున్నదంతా ఆ తొమ్మిది కుటుంబాల గురించే. హైదరాబాద్ ఎత్తుకు ఎదగాలా, పక్కకు పరుచుకోవాలా అని పేపర్లలో, టీవీల్లో చర్చ వచ్చినప్పుడల్లా కోకాపేట టవర్ల ఫోటో వేస్తారు. ఒకాయన ఆ ఫోటో చూపించి చూడండి ఎంత ఎదిగామో అంటాడు. ఇంకొకాయన అదే ఫోటో చూపించి ఈ కాంక్రీటు అడవి మనల్ని ముంచుతుంది అంటాడు. ఇద్దరికీ మా గల్లీ కనబడదు. ఈ నగరంలో జనసాంద్రత నిజంగా పెరుగుతున్నది మా గల్లీలాంటి వాటిలో. 100, 150, 200 గజాల ప్లాట్లలో, ఇరవై ముప్పై అడుగుల రోడ్ల మీద, రాత్రికి రాత్రి స్లాబు పడే చోట. అక్కడ దాన్ని ఆపడమూ లేదు, ఒప్పుకోవడమూ లేదు.

రూల్స్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే విచిత్రం అక్కడే ఉంది. దేశంలో చాలా పెద్ద నగరాల్లో ఎఫ్‌ఎస్‌ఐ అని ఒక లెక్క ఉంటుంది. జాగా ఎంతో, దానికి ఎన్ని రెట్లు కట్టుబడి చేసుకోవచ్చో చెప్పే లెక్క. బొంబాయి పాత దీవిలో 1991 రూల్స్ ప్రకారం అది 1.33. చెన్నైలో 2019లో 1.5 నుంచి 2కి పెంచారు. హైదరాబాద్‌లో 2006లో జీవో 86తో ఆ లెక్కే తీసిపారేశారు. 2012లో వచ్చిన జీవో 168 కూడా అదే దారి. మన దగ్గర ఎన్ని రెట్లు కట్టాలన్న పరిమితి లేదు. ప్లాటు ఎంత, ముందున్న రోడ్డు ఎంత వెడల్పు, చుట్టూ ఎంత ఖాళీ వదిలావు, ఈ మూడే ఎత్తును తేలుస్తాయి. వినడానికి దేశంలో ఇంత స్వేచ్ఛ ఇంకెక్కడా లేదనిపిస్తుంది.

ఇప్పుడా స్వేచ్ఛ ఎవరిదో చూడండి. జీవో 168 ప్రకారం 18 మీటర్లు దాటి కట్టాలంటే కనీసం 2000 చదరపు మీటర్ల జాగా ఉండాలి, ముందు కనీసం 40 అడుగుల రోడ్డు ఉండాలి. ఇంకా పైకి పోయేకొద్దీ 60, 80, 100 అడుగుల రోడ్డు. 2000 చదరపు మీటర్లంటే దాదాపు 2400 గజాలు. మా వీధిలో పదకొండు ఇళ్లవాళ్లు ఒక్కమాట మీదకొచ్చి గోడలు కొట్టుకుంటే తప్ప అంత జాగా కాదు. వినాయకుడి చందా దగ్గరే ఒక్కమాట మీదకి రాని పదకొండు ఇళ్లు. ఇక 200 చదరపు మీటర్ల లోపు ప్లాటుకు 10 మీటర్ల ఎత్తు, అంటే గ్రౌండ్ ప్లస్ టూ. మధ్యలో 12, 15 మీటర్ల మెట్లున్నాయి గానీ వాటికీ ప్లాటు పెద్దదై ఉండాలి. ఎకరాల్లో భూమి ఉన్నవాడికి ఆకాశమే హద్దు, గజాల్లో భూమి ఉన్నవాడికి రెండో అంతస్తు హద్దు. అయినా గజాల్లో ఉన్నవాడు ఆగడు. ఆగలేడు కూడా. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, కిరాయిలొస్తేనే పెన్షన్‌కు తోడు, పక్కవాడు వేశాడు, బిల్డరుకు మూడంతస్తుల్లో మిగలదు.

2020 నవంబరులో టీఎస్-బీపాస్ అనే ఆన్‌లైన్ పర్మిషన్ల పద్ధతి వచ్చాక 75 గజాల లోపు వాళ్లకు అనుమతే అక్కర్లేదు, పేరు నమోదు చేసుకుంటే చాలు. 600 గజాల లోపు, 10 మీటర్ల లోపు కట్టుకునేవాళ్లకు సొంత హామీ మీద వెంటనే పర్మిషన్. ఆఫీసు చుట్టూ తిరగడం తగ్గింది, మంచిదే. కానీ పర్మిషన్ ఎంత వేగంగా వచ్చినా అది ఆ మూడంతస్తులకే. అసలు కట్టే ఇంటికి కాదు.

గ్యారంటీగా ఇంకో ఏర్పాటు ఉంది. కట్టుబడిలో పదో వంతును కార్పొరేషన్‌కు తనఖా పెట్టాలి, ప్లాను ప్రకారం కట్టి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తీసుకున్నాకే అది విడిపిస్తారు. ఆలోచన బాగుంది. మా బిల్డింగుకు ఓసీ తీసుకోలేదు, తీసుకోవడానికి వీల్లేదు. తనఖా కాగితం బాపు బీరువాలో, రేషన్ కార్డు కింద ఉంది.

పోయిన ఏడాది చలికాలంలో ఒక జంట మా బ్రాంచికి వచ్చారు. ఆమె ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు, అతను ఒక గోడౌన్‌లో సూపర్‌వైజరు. సరూర్‌నగర్ వైపు మూడో అంతస్తులో ఫ్లాటు చూసుకున్నారు. లక్ష రూపాయలు అడ్వాన్సు కూడా ఇచ్చేశారు. ఆమె ప్లాస్టిక్ ఫోల్డరు తెరిచి కాగితాలు ఒక్కొక్కటే వరసగా పేర్చింది. లింకు డాక్యుమెంట్లు, ఈసీ, పన్ను రసీదు, కరెంటు బిల్లు. అన్నీ ఉన్నాయి. ప్లాను విప్పాను. గ్రౌండ్, ఫస్ట్, సెకండ్. ఆ పైన నీళ్ల ట్యాంకు.

"ఇందులో మీ ఫ్లోరు లేదమ్మా" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. ఫోన్ తీసి ఫోటో చూపించింది. క్రీమ్ రంగు బిల్డింగు, మూడో అంతస్తు బాల్కనీకి ఎర్రగా చుక్క పెట్టుకుంది. "గిదే సార్. మీకు కనబడుతలేదా?"

కనబడుతోంది. ఎలా చెప్పాలో తెలియక, ప్లానులో లేకపోతే లోన్ ఇవ్వడానికి మాకు రూలు లేదు, మీ వాటాకు వచ్చే భూమి లెక్క కూడా తేలదు, అన్నాను. అన్‌డివైడెడ్ షేర్ అంటే ఏమిటో వివరించబోతే అతను మధ్యలోనే లేచాడు. తర్వాత తెలిసింది, ఒక ఫైనాన్స్ కంపెనీ దగ్గర రెండున్నర శాతం ఎక్కువ వడ్డీకి తీసుకున్నారని. ఇరవయ్యేళ్ల మీద ఆ రెండున్నర శాతం ఎంతవుతుందో నాకు నోటికే వచ్చు, చెప్పను. కట్టినవాడు అమ్ముకుని వెళ్లిపోయాడు. అనుమతి లేని తప్పుకు నెలనెలా జరిమానా కట్టేది ఆ నర్సమ్మ.

అప్పటి నుంచీ నాకు 'అక్రమ నిర్మాణం' అనే మాట గొంతులో ఇరుక్కుంటోంది. ఆ అంతస్తుల్లో ఉండేది ఎవరు? మా పెంట్‌హౌస్ పక్క రేకుల గదిలో ముగ్గురు కుర్రాళ్లున్నారు, గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నారు, ఊళ్లు నల్గొండ, వనపర్తి, శ్రీకాకుళం. నాలుగో అంతస్తులో హైటెక్ సిటీకి మెట్రోలో పోయొచ్చే అమ్మాయి, అమీర్‌పేటలో మారి. గచ్చిబౌలి దగ్గర అంజయ్యనగర్, సిద్దిక్‌నగర్‌లకు పోతే ఒక్కో గల్లీలో ఐటీ కారిడార్‌కు అన్నం వండేవాళ్లూ, కాపలా కాసేవాళ్లూ, కోడు రాసేవాళ్లూ ఒకే మెట్ల మీద ఎక్కి దిగుతుంటారు. ఈ నగరానికి కొత్తగా వచ్చినవాడికి తల దాచుకునే చోటు ఇచ్చింది ఏ హౌసింగ్ పాలసీ కాదు. ప్లాను దాటి కట్టిన ఈ డీవియేషన్లు ఇచ్చాయి. చట్టం కచ్చితంగా అమలై ఉంటే వీళ్లంతా ఘట్‌కేసర్ అవతలో షాద్‌నగర్ దగ్గరో ఉండి రోజుకు నాలుగు గంటలు బస్సుల్లో గడిపేవారు.

ఒక చిన్న లెక్క. ఎకరానికి 4840 గజాలు. రోడ్లకూ ఖాళీలకూ సగం పోయిందనుకున్నా మా సైజు ప్లాట్లు పదకొండు వస్తాయి. మా బిల్డింగు లెక్కన 99 ఇళ్లు. క్రేన్ లేకుండా, స్విమ్మింగ్ పూల్ లేకుండా, క్లబ్‌హౌస్ లేకుండా ఎకరానికి 99 ఇళ్లు. ఎత్తు వేరు, సాంద్రత వేరు. యాభై అంతస్తుల టవరులో మూడు వేల చదరపు అడుగుల ఫ్లాట్లు పెట్టి, చుట్టూ పచ్చిక పరిచి, రెండు బేస్‌మెంట్ల నిండా కార్లు పెడితే అది చూడటానికి న్యూయార్క్‌లా ఉంటుంది, జనం లెక్కలో మా గల్లీని మించుతుందన్న నమ్మకం నాకు లేదు.

అలాగని మా గల్లీకి దండ వేయమనడం లేదు. మొదటి అంతస్తులో ఉండే అక్కావాళ్ల వంటింట్లో పగలు పదకొండింటికి ట్యూబ్‌లైటు వేసుకోవాలి. రూలు ప్రకారం పక్క గోడకు మీటరు ఖాళీ వదలాలి. వదిలాం, అటువైపువాళ్లూ వదిలారు. పైకి పోయేసరికి ఇద్దరూ బాల్కనీలు ముందుకు లాగారు. పక్కింటి అత్తమ్మ గ్రిల్లులోంచి చేయి చాపి మాకు కరివేపాకు ఇస్తుంది. ఊరి నుంచి వచ్చిన చుట్టాలకు అది ముచ్చటగా ఉంటుంది. వాళ్లింట్లో మగమనిషి ఫోన్‌లో ఎవర్ని తిడుతున్నాడో కూడా మాకు వినబడుతుందన్నది వాళ్లకు చెప్పం. వానొస్తే గల్లీ చివర మ్యాన్‌హోల్ పొంగుతుంది. ఆ డ్రైనేజీ లైను వేసిన కాలంలో వీధిలో ఇంటికి ఐదుగురు. ఇప్పుడు ఇంటికి ముప్పై మంది. పైపు అదే.

ఇంతకంటే భయపెట్టేది అగ్గి. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్ట్‌మెంటు కింది భాగంలో నిలవ చేసిన కెమికల్ డ్రమ్ములు అంటుకుని తొమ్మిది మంది పోయారు. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో 17 మంది, అందులో పసిపిల్లలు. బయటికి రావడానికి ఒకే ఒక్క ఇరుకు మెట్లదారి. అది జరిగిన మర్నాడు నేను టేపు తీసుకుని మా మెట్లు కొలిచాను. మూడడుగుల నాలుగంగుళాలు. అందులో ప్రతి అంతస్తు దగ్గరా ఒక చెప్పుల స్టాండు. రెండో అంతస్తు మలుపులో ఖాళీ గ్యాస్ సిలిండరు, వైట్ సిమెంటు బస్తా ఒకటి. అసోసియేషన్ మీటింగు పెట్టి అడిగితే సిలిండరు తీశారు. చెప్పుల స్టాండ్లు వారం రోజుల్లో తిరిగొచ్చాయి. మాది కూడా.

2024 నవంబరులో సిద్దిక్‌నగర్‌లో ఒక బిల్డింగు పక్కకు ఒరిగింది. యాభై అరవై గజాల జాగాలో లేపిన నాలుగంతస్తులు. పక్క ప్లాటులో పునాదికి గొయ్యి తవ్వారు, ఇది వాలింది. మర్నాడు కూల్చేశారు. టీవీలో అందరూ మాట్లాడింది 'అక్రమం' గురించి. నాకు ఆ బిల్డింగు కాలమ్‌లు ఎన్ని అంతస్తులకు లెక్క వేశారో, పక్కన తవ్వేవాడికి ఎవరైనా ఏమైనా చెప్పారో తెలుసుకోవాలనిపించింది. ఎందుకంటే ఆపద పుట్టేది అక్కడ. మూడంతస్తులకే పర్మిషన్ ఇస్తే, ఇంజినీరు సంతకం పడేదీ మూడంతస్తుల డ్రాయింగు మీదే. ఐదు స్లాబులు పడతాయని బిల్డరుకు తెలుసు, సెంట్రింగ్ మేస్త్రికి తెలుసు, ఎదురింటి పిల్లలకు తెలుసు. ఆ ఐదో స్లాబు బరువు కాలమ్ మీద ఎంత పడుతుందో ప్రభుత్వం తరఫున చూసేవాడు ఒక్కడూ లేడు, చూడాల్సిన కాగితమే లేదు కాబట్టి. జనం మేలు కోసం పెట్టిన ఎత్తు పరిమితి, చివరికి చెకింగే లేకుండా చేసింది.

మరి ప్రభుత్వాలు ఏం చేశాయి? ముందు వద్దన్నాయి, తర్వాత ఫీజు తీసుకుని సరే అన్నాయి. 2007 డిసెంబరులో బీపీఎస్, అంటే బిల్డింగ్ పీనలైజేషన్ స్కీమ్. అంతకు ముందు కట్టిన డీవియేషన్లన్నీ డబ్బు కట్టి సరి చేసుకోండి, ఇదే ఆఖరు. 2015లో బీఆర్‌ఎస్, అంటే బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్. అదే మాట, అక్టోబరు 28 దాకా కట్టినవాటికి, ఇదే ఆఖరు. (అప్పటి అధికార పార్టీ 2022లో పేరు మార్చుకున్నాక మా బ్రాంచిలో ఎవరైనా వచ్చి "బీఆర్‌ఎస్ ఎప్పుడొస్తది సార్" అంటే ఏది అడుగుతున్నారో తేల్చుకోవడానికి రెండు నిమిషాలు పట్టేది.) అనుమతి లేని లేఅవుట్ల కోసం 2020లో అలాంటిదే ఎల్‌ఆర్‌ఎస్ పెడితే 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. 25 లక్షల మంది తప్పు చేశారంటే అది 25 లక్షల మంది తప్పు కాదు. రూలు ఒకచోట ఉంది, జనం బతుకు ఇంకోచోట ఉంది. ఇక ప్రతి రెగ్యులరైజేషనూ తర్వాతి డీవియేషన్‌కు భరోసా. మా బిల్డరు 2013లో ధైర్యంగా స్లాబు వేసింది 2007 చూసే. 2015లో దరఖాస్తు పెట్టాం. అది కోర్టు చిక్కుల్లో పడింది. ఆ దరఖాస్తు నంబరు బాపు పంచాంగం అట్ట లోపల రాసుకున్నాడు.

కూల్చడమే మందు అనేవాళ్లూ ఉన్నారు. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ వచ్చాక ఆ గొంతు పెరిగింది. చెరువు పూడ్చి కట్టినదాన్ని కూల్చితే నాకు పేచీ లేదు, చెరువుకు ఇంకో చోటు ఉండదు. నాలాను మింగినదానికీ అంతే. కానీ పొడి నేల మీద, లేఅవుట్‌లోని ప్లాటులో, మెట్రో స్టేషనుకు పది నిమిషాల నడకలో ఉన్న నాలుగో అంతస్తుకూ చెరువులో కట్టిన విల్లాకూ ఒకే మాట వాడటం నాకు మింగుడు పడదు. రెండూ 'అక్రమం' అయినప్పుడు జనానికి ఏది పాపమో ఏది లాంఛనమో తేడా తెలియకుండా పోతుంది.

ఇంకో తమాషా చూడండి. నగరం లోపల నాలుగో అంతస్తుకు నీళ్లెక్కడివి, డ్రైనేజీ ఎక్కడిది అంటారు. న్యాయమైన ప్రశ్నే. అదే నోటితో ఔటర్ రింగు రోడ్డు దాటి లేఅవుట్ మీద లేఅవుట్‌కు సై అంటారు. 158 కిలోమీటర్ల ఔటర్ చాలలేదు, దాని అవతల ఇంకో రింగు వస్తోంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లను కాపాడటానికి 1996లో జీవో 111 తెచ్చి 84 ఊళ్లలో కట్టడాల మీద ఆంక్షలు పెట్టారు. 2022లో జీవో 69తో వాటిని ఎత్తేస్తున్నట్టు ప్రకటించారు. 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య సలహాతో కట్టిన జలాశయాల పరీవాహకంలో ఇళ్లు కట్టుకోవచ్చన్నారు గానీ, దిల్‌సుఖ్‌నగర్ మెట్రో నీడలో ఇంకో అంతస్తు మాత్రం నగరం మోయలేదట. మా గల్లీలో ఓ మూడొందల మీటర్ల పైపు మార్చడం ఎక్కువ ఖర్చా, శంకర్‌పల్లి పొలాల దాకా కృష్ణా, గోదావరి నీళ్లు తీసుకుపోవడం ఎక్కువ ఖర్చా? దీనికి ఇంజినీరింగు చదవనక్కర్లేదు.

నా మాట ఇది. 150 నుంచి 300 గజాల ప్లాట్లకు, ముందు ముప్పై అడుగుల రోడ్డుంటే, పార్కింగ్ మీద నాలుగంతస్తులు చట్టబద్ధం చేయాలి. కట్టాక కాదు, కట్టకముందు. అప్పుడు అడగాల్సినవి గట్టిగా అడగొచ్చు. మెట్లు నాలుగడుగులు, ప్రతి అంతస్తు కాలమ్‌కూ ఇంజినీరు పేరు, కింద గోడౌన్ పెట్టనన్న రాత, స్లాబు స్లాబుకూ ఒక తనిఖీ. 15 మీటర్లు దాటిన భవనాల దగ్గర సిటీ లెవెల్ ఇంపాక్ట్ ఫీజు అని ఇప్పటికే తీసుకుంటున్నారు. చిన్న ప్లాట్లవాళ్ల దగ్గరా నాలుగో అంతస్తుకు తీసుకోండి, కానీ ఆ డబ్బు ఆ గల్లీ మ్యాన్‌హోల్‌కే ఖర్చు పెట్టండి. మేం ఇప్పుడు కూడా కడుతున్నాం కదా, ఏటా పెనాల్టీ రూపంలో. ఏ పైపులోకి పోయిందో మాకు తెలియదు. మెట్రోకు అర కిలోమీటరు లోపల పార్కింగ్ కచ్చితంగా ఉండాలన్న రూలు కూడా సడలించాలి. మా తొమ్మిది ఇళ్లకు కార్లు మూడే, అందులో ఒకటి ఆ కదలని మారుతి.

అందరికీ ఇస్తే భూమి ధర ఇంకా పెరగదా అని మా కొలీగ్ ఒకావిడ అడిగింది. మంచి ప్రశ్న, దీనిమీద నేను చాలా రోజులు ఆలోచించాను. 2023 ఆగస్టులో కోకాపేటలోని నియోపోలిస్ లేఅవుట్ వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. ఎందుకంటే అంత ఎత్తు కట్టనిచ్చే అంత పెద్ద జాగాలు నగరంలో చాలా తక్కువ. నాలుగు చోట్లే తలుపు తీస్తే ఆ నాలుగు చోట్లే తొక్కిసలాట. నగరమంతా కొంచెం కొంచెం తలుపు తీస్తే ఏ ఒక్క ప్లాటువాడూ బంగారం ధర చెప్పలేడు. ధర అసలు పెరగదని నేను అనను. ఇప్పుడు కూడా ప్లాటు అమ్మేవాడు ఐదు స్లాబులు లెక్క వేసుకునే ధర చెబుతున్నాడు. పర్మిషన్ మాత్రం మూడింటికి.

మా పిన్ని కొడుకు ఆక్లాండ్‌లో ఉంటాడు. అక్కడ 2016లో కొత్త ప్లాను తెచ్చి, ఇళ్లుండే భూమిలో దాదాపు నాలుగింట మూడు వంతుల చోట ఎక్కువ ఇళ్లు కట్టుకోనిచ్చారు. టవర్లు కాదు, ఒక ఇల్లున్న జాగాలో మూడు నాలుగు చిన్న ఇళ్లు. తర్వాతి ఏళ్లలో పర్మిట్లు బాగా పెరిగాయి. వాడుండేదీ అలాంటి ఇంట్లోనే. పాత తోట ఉన్న ఇంటిని కొట్టి నాలుగు చేశారట. పక్కింటి ముసలాయన రెండేళ్లు వీళ్లతో మాట్లాడలేదట. మన దగ్గర అయితే కరివేపాకు ఇవ్వడం మానేస్తారు, అంతే. ఆ దేశం వేరు, మన నగరం వేరు. నేను చూసింది ఒక్కటే: కట్టబోయే ఇంటికీ ఇచ్చే పర్మిషన్‌కూ అక్కడ తేడా లేదు.

పోయిన ఆదివారం ఎదురు వరసలో ఉండే పెద్దనాన్న పిలిచాడు. వరసకు పెద్దనాన్న, నలభై ఏళ్ల పొరుగు. ఆయన కూడా ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇస్తున్నాడు. మా వీధిలో మిగిలిన ఆఖరి షాబాద్ బండల ఇల్లు అది. "బ్యాంకులో చేస్తవు గదరా, గీ ప్లాను జర చూడు" అన్నాడు. బిల్డరు కూడా అక్కడే ఉన్నాడు, కుర్రాడు, చేతిలో ట్యాబు. ప్లాను విప్పాను. గ్రౌండ్, ఫస్ట్, సెకండ్. గ్రౌండ్ ఫ్లోర్‌లో మాస్టర్ బెడ్‌రూమ్.

"ఎన్నేస్తున్నవ్ తమ్మీ?" అని అడిగాను.

"నాలుగు, మీద పెంట్‌హౌస్ అన్నా."

"మరి ఐదు స్లాబులకు కాలమ్‌లల్ల ఇనుము ఎంత ఏస్తున్నవో ఇందుల ఏడుంది?"

"అది ఇందుల ఉండదన్నా. వేరే కాగితం ఉంటది."

ఆ వేరే కాగితం చూపించమన్నాను. సోమవారం తెస్తానన్నాడు. పెద్దనాన్న లోపలికెళ్లి చాయ్ పెట్టించాడు. ఈ రోజు గురువారం.